పాత రూపాయికి గ్రేడింగు: ఎవరిచేత? ఎందుకు?
(ఖరగ్‌పూర్‌లో మన సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాణేల గురించి అరగంట మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. చరిత్ర పాఠం వద్దు, పనికొచ్చే ముక్క చెప్పండి అన్నారు. కారణం ఉంది. ఈ మధ్య మన సభ్యులు ఎక్కడ కనిపించినా ఒకటే ప్రశ్న. “ఇంట్లో పాత వెండి రూపాయలున్నాయండీ. అమెరికా కంపెనీకి పంపి గ్రేడింగు చేయిస్తే లక్షలొస్తాయట. ఏ కంపెనీ మంచిది?”

ఈ ప్రశ్న ఖరగ్‌పూర్‌లో పుట్టడంలో వింతేమీ లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు మనవాళ్ళు ఇక్కడికొచ్చి వర్క్‌షాపులో, లోకోలో, యార్డులో పనిచేశారు. ఆనాటి జీతం వెండి రూపాయల్లోనే. అందులో నాలుగు రాళ్ళు వెనకేసి ట్రంకు పెట్టెలో అడుగున దాచారు. వాళ్ళ పిల్లలు కొందరు రైల్వేలోకి, కొందరు ఫౌజులోకి వెళ్ళారు. కలైకుండలో, సలువాలో పోస్టింగు చేసి ఇక్కడే స్థిరపడిన మనలాంటివాళ్ళు మరికొందరు. పెట్టె మాత్రం తరం నుంచి తరానికి చేతులు మారుతూనే ఉంది. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో సగం మంది ఇళ్ళల్లో కనీసం రెండు మూడు రూపాయలైనా ఉంటాయని నా నమ్మకం.

ముందు ఆ పెట్టెలో ఏముంటాయో చూద్దాం. విక్టోరియా బొమ్మ, పక్కన ‘క్వీన్’ అని ఉంటే, మీద 1862 అని ఉన్నా అది ఆ ఏడే కొట్టినదని కాదు. అదే సంవత్సరం వేసి చాలా ఏళ్ళు కొట్టారు. 1877 నుంచి ‘ఎంప్రెస్’ అని మారింది. 1903 నుంచి 1910 దాకా కిరీటం లేని ఎడ్వర్డ్. 1911 నుంచి 1922 దాకా ఐదో జార్జి. వీటన్నిటి తూకం 11.66 గ్రాములు, వెండి నూటికి 91.7 వంతులు. అంటే లెక్కకు పది గ్రాముల అరవై తొమ్మిది సెంటీలు అసలు వెండి. ఆ తరువాత ఆరో జార్జి. 1940 నుంచి 1945 దాకా యుద్ధం పుణ్యమా అని వెండి సగానికి సగం పడిపోయింది. 1947లో అయితే అసలు వెండే లేదు, నికెలు. హైదరాబాదు వైపు నుంచి కోడళ్ళు తెచ్చుకున్న చార్మినార్ రూపాయలు కూడా అక్కడక్కడ కనిపిస్తాయి. వాటి తూకం తక్కువ, 11.18 గ్రాములు, వెండి 81.8 వంతులు. చార్మినార్ గుమ్మంలో చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. ‘మీమ్’ అయితే మహబూబ్ అలీ ఖాన్‌ది, ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీ ఖాన్‌ది.

ఇక గ్రేడింగు. మనవాళ్ళకు దీన్ని ఒక్క మాటలో చెప్పొచ్చు: నాణేనికి మెడికల్ బోర్డు. షేప్ వన్నా కాదా అని డాక్టరు తేల్చినట్టే, నాణేన్ని భూతద్దం కింద పెట్టి, అసలుదా కాదా చూసి, ఎంత అరిగిందో తేల్చి ఒక అంకె వేస్తారు. ఒకటి నుంచి డెబ్భై దాకా అంకెలు. ఈ కొలబద్దను విలియం షెల్డన్ అనే అమెరికా ఆయన 1949లో వాళ్ళ పాత రాగి సెంట్ల కోసం తయారు చేశాడు. అరవై, ఆపైన ఉంటే చేతులు మారి అరగని నాణెమన్నమాట. నలభైల్లో ఉంటే కాస్త వాడినది, ఇరవై ముప్ఫైల్లో బాగా చలామణీ అయినది. అంకె వేశాక గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలు చేసి నంబరు ఇస్తారు. దాన్నే స్లాబు అంటారు. ఈ పనిలో పేరు మోసినవి అమెరికాలోని రెండు సంస్థలు. 1986లో మొదలైన పి.సి.జి.ఎస్., 1987లో మొదలైన ఎన్.జి.సి. రెండూ తమ సీలు వేసిన నాణెం అసలైనదే అని లిఖితపూర్వకంగా హామీ ఇస్తాయి. ప్రపంచంలో ఎక్కడి వేలంలోనైనా ఈ రెండు డబ్బాలకూ మర్యాద ఉంది. ఆ మాట ఒప్పుకోవాలి.

కానీ మెడికల్ బోర్డులో లో మెడికల్ కేటగిరీ ఉన్నట్టు ఇక్కడ కూడా ఒకటుంది. దాని పేరు ‘డీటెయిల్స్’. నాణెం అసలుదే, కానీ దెబ్బ తిన్నది అని అర్థం. అప్పుడు అంకె వెయ్యరు, లోపం పేరు లేబులు మీద రాస్తారు. మన ఇళ్ళల్లోని రూపాయలకు ఎక్కువగా దక్కేది ఇదే. అమ్మలారా, కోపగించుకోకండి, దీపావళికీ లక్ష్మీపూజకూ చింతపండు పెట్టి రూపాయలు మిలమిలలాడేట్టు తోమేది మనమే కదా. తోమిన నాణెం మీద వెంట్రుకల్లాంటి సన్నని గీతలు పడతాయి. అసలు మెరుపు వేరు, తోముడు మెరుపు వేరు, గ్రేడరు కంటికి రెండు క్షణాల్లో తెలిసిపోతుంది. కాసులపేరులా గుచ్చుకోవడానికి కంసాలి చేత టంకం పెట్టించి రింగు వేయించిన రూపాయలు మరీ ఎక్కువ. తరువాత రింగు తీసేసి అరగదీసినా అంచు మీద మచ్చ పోదు. పసిబిడ్డ మొలతాడుకు కట్టడానికి కన్నం వేసినవీ అంతే. ఇంటివాళ్ళకు అది మామ్మ గుర్తు, ముద్దుగా దాచుకోవాల్సిందే. గ్రేడరుకు మాత్రం అది గాయం. అలాంటి నాణేన్ని ఫీజు కట్టి పంపితే వచ్చేది ఖరీదైన ప్లాస్టిక్ డబ్బా ఒకటే.

నల్లగా ఉంది కాబట్టి తోమితే మంచి గ్రేడు వస్తుందని షాపువాడు చెబితే నమ్మకండి. వెండి మీద సహజంగా పట్టిన నలుపును చూసి కలెక్టర్లు సంతోషిస్తారు.

ఇప్పుడు అసలు చిక్కు. ఏ కంపెనీ మంచిదో తేల్చే ముందు, నాణెం దేశం దాటొచ్చా అన్నది తేలాలి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని కేంద్ర ప్రభుత్వం గానీ, ప్రభుత్వం అధికారమిచ్చిన సంస్థ గానీ తప్ప ఎవరూ విదేశానికి పంపరాదు. అమ్మడానికి కాదండీ, గ్రేడింగు చేయించి తిరిగి తెప్పించుకుంటాం కదా అంటే కుదరదు. ఎగుమతి అంటే దేశం బయటికి తీసుకుపోవడమే అని చట్టం రాసుకుంది. తప్పితే ఆరు నెలలకు తగ్గని, మూడేళ్ళ దాకా పోయే జైలు శిక్ష, జరిమానా. పెన్షనర్లం, జాగ్రత్త.

ఇందాక చెప్పిన సంవత్సరాలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. విక్టోరియా, ఎడ్వర్డ్, ఐదో జార్జి 1922 దాకా. అన్నీ నూరేళ్ళు దాటినవే. మిగిలేది ఆరో జార్జి ఒక్కడే. అంటే ఏ నాణేల కోసం మనం అమెరికా కలగంటున్నామో, సరిగ్గా అవే అమెరికా వెళ్ళకూడదు. అక్కడున్న కొడుకు సెలవులకొచ్చినప్పుడు సూట్‌కేసులో వేసి పంపుదామనుకునేవాళ్ళున్నారు. చట్టానికి కొరియరైనా కొడుకైనా ఒకటే. ఏజెంటు మీ దగ్గర తీసుకుని “మేం చూసుకుంటాం” అంటే, ఎలా చూసుకుంటారో కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వనివాడికి రూపాయి ఇవ్వకండి. ఇంట్లో ఉంచుకోవడం మాత్రం నేరం కాదు, ఎవరూ భయపడనక్కర్లేదు. భూమిలో తవ్వితే దొరికినదయితే వేరే సంగతి. దానికి 1878 చట్టం ఉంది, పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజెయ్యాలి.

మరి పాత రూపాయల్ని ఎవరికి చూపించాలి? మన దేశంలోనే గ్రేడింగు చేసే సంస్థలు వచ్చాయి. వేలంపాట సంస్థలు కూడా తమ జాబితాలో వేసే నాణేల్ని పరీక్షిస్తాయి. పేర్లు చెప్పి ఒకరిని ఎత్తి ఒకరిని దించను. ఎంచుకునేటప్పుడు నేనైతే మొదట చూసేది, గ్రేడింగు చేసేవాడే నాణేలు కొని అమ్ముతాడా అని. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్నాయనే అభ్యర్థి మేనమామ అయితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది అది. రెండోది, రేపు ఆ నాణెం దొంగదని తేలితే డబ్బు ఎవరిస్తారు? హామీ కాగితం మీద ఉందా, నోటిమాటేనా? మూడోది అన్నిటికంటే ముఖ్యం. కలకత్తాలోనో ముంబయిలోనో ముగ్గురు వ్యాపారుల్ని అడగండి, ఈ డబ్బాలో ఉంటే డబ్బా లేనప్పటికంటే ఎంత ఎక్కువిస్తావని. వాళ్ళు డబ్బా పగలగొట్టి చూస్తామంటే ఆ గ్రేడింగుకు బజారులో విలువ లేనట్టే. పోస్టులో పోతే ఇన్సూరెన్సు ఎవరిది, రానూపోనూ ఖర్చు, పన్ను, ఏజెంటు కమీషను కలిపి ఎంతవుతుంది, ఇవి మామూలు లెక్కలు, మన క్యాంటీన్ బిల్లు చూసినంత శ్రద్ధగా చూస్తే చాలు.

గ్రేడు అనేది అభిప్రాయం, శాసనం కాదు. ఒకే నాణేన్ని డబ్బా విప్పి మళ్ళీ పంపితే ఒక అంకె అటూ ఇటూ రావడం ఈ రంగంలో అందరికీ తెలిసిన సంగతే. పై అంకెల దగ్గర ఆ ఒక్క అంకె తేడాకే ధర మారిపోతుంది. అందుకే విప్పి పంపేవాళ్ళు విప్పి పంపుతూనే ఉంటారు.

కొనేవాళ్ళకు ఒక మాట. డబ్బాలకూ దొంగ డబ్బాలున్నాయి. డబ్బా మీది నంబరును ఆ సంస్థ వెబ్‌సైటులో కొట్టి చూడండి. ఫోటో ఉంటే గీత గీత పోల్చండి. నంబరు అసలుదే అయి, లోపల నాణెం వేరే అయిన సందర్భాలున్నాయి.

ఏ నాణేనికి గ్రేడింగు ఖర్చు గిట్టుతుందంటే, అరుదైనదై ఉండాలి, లేదా అసలు అరగనిదై ఉండాలి. 1939 రూపాయి అరుదు. అందుకే దాని మీద దొంగవీ, అంకె దిద్దినవీ ఎక్కువ. అలాంటిదానికి పరీక్ష తప్పనిసరి. 1911 రూపాయిలో రాజుగారి దుస్తుల మీది ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవ జరిగి, మరుసటి ఏడు బొమ్మ దిద్దారు. ‘పంది రూపాయి’ అని కలెక్టర్లు దాన్ని వెతుక్కుంటారు. బాగున్నది దొరికితే చూపించదగ్గదే. చింతపండు తోముడు తిన్న 1862కి, 1917కి మాత్రం వెండి ధరకు కొంచెం పైన లెక్క వేసుకోండి. ఇక రాముడు, సీత, హనుమంతుడు బొమ్మలతో ‘ఈస్టిండియా కంపెనీ 1818’ అని రాసి ఉన్న రాగి బిళ్ళలు ఊరూరా కనిపిస్తాయి. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ కొట్టలేదు. దేవుడి గదిలో ఉంచుకోండి, గ్రేడింగుకు వద్దు.

చివరగా ఫోనులు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్ళ ఒకటుంది. దాన్ని లక్షలకు కొంటామంటారు. ముందు ఫైలు చార్జీ, తరువాత గ్రేడింగు సర్టిఫికెటు ఫీజు, ఆ తరువాత జి.ఎస్.టి. అంటారు. రిజర్వు బ్యాంకు పేరు, బొమ్మ వాడతారు. తాము పాత నాణేలూ నోట్లూ కొనడం, అమ్మడం చెయ్యమనీ, వాటికి ఏ కమీషనూ వసూలు చెయ్యమనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న స్పష్టంగా ప్రకటించింది. మన మాజీ సైనికుడొకాయన, పేరు చెప్పను, ఇలాగే మూడు విడతలు కట్టాడు. నాలుగో విడతకు ఇంటావిడ ఫోను లాక్కుంది. కొనేవాడు డబ్బిస్తాడు గానీ అడగడు. కొనేవాడే అడుగుతున్నాడంటే అక్కడితో మాట ఆపేసి, సైబర్ నేరాల నంబరు 1930కి ఫోను చెయ్యండి.

నా సంచిలో చిన్న తూకం, భూతద్దం, అయస్కాంతం ఉన్నాయి. రూపాయలు వెంట తెచ్చినవాళ్ళు టీ తాగాక ఆ మూల బల్ల దగ్గరికి రండి. అంచు పట్టుకుని తీయండి, ముఖం మీద వేలు పెట్టకండి. దయచేసి ఇప్పుడు రుమాలుతో తుడవకండి.