పసిబిడ్డ వినికిడి పరీక్ష: వేగము, రొద

గ్రామ పెద్దలారా!

"వీని తాతకును ఆలస్యముగనే మాటలు వచ్చినవి, వీనికిని వచ్చును" అని మన యిండ్లలో అనుట కలదు. కొందఱి విషయమున నది నిజమే కావచ్చును. కాని చెవి వినబడని శిశువు విషయమున నీ మాటవలన విలువైన మాసములు గడచిపోవును. మొదటి నెలలోపల పరీక్షయు, మూడవ నెలలోపల నిర్ధారణయు, ఆఱవ నెలలోపల వినికిడి సాధనము మొదలగు సహాయమును జరుగవలెనని వైద్యుల మతము.

మాటలు రాని పసికందును "వినుచున్నావా?" యని యడుగుట యెట్లు? 1971వ సంవత్సరమున అమెరికాలో జ్యూయెట్, విల్లిస్టన్ అను శాస్త్రజ్ఞులు, చెవిలో చిన్న శబ్దము పడిన పిదప సెకనులో నూఱవ వంతు లోపల వినికిడి నాడినుండియు, మెదడు కాండమునుండియు వెలువడు సూక్ష్మ విద్యుత్తరంగములను వివరించిరి. తలపై నంటించిన చిన్న బిళ్లలతో వానిని పట్టుదురు. నొప్పి యుండదు.

చిక్కేమనగా, ఆ తరంగము వోల్టులో పదిలక్షవ వంతునకంటెను తక్కువ. మెదడు సహజ విద్యుత్తును, కండరముల కదలికయు పుట్టించు రొద అంతకు పెక్కు రెట్లు. కావున శబ్దమును వేలసార్లు వినిపించి సగటు తీయుదురు. ప్రతిసారి ఒకే తీరున వచ్చు తరంగము నిలుచును. తోచినట్లు పుట్టు రొద తగ్గును. అయితే రొద సగమగుటకు శబ్దములు నాలుగు రెట్లు కావలెను. సెకనునకు 20 చొప్పున 2000 శబ్దములకు 100 సెకనులు. 8000 శబ్దములకు 400 సెకనులు. ఇది యొక చెవికి, ఒక స్థాయికి మాత్రమే.

వేగము పెంచరాదా యందురా? సెకనునకు 80 అయిన 8000 శబ్దములును 100 సెకనులలో ముగియును. కాని నాడులకు విశ్రాంతి చాలక తరంగము చిన్నదగును, ఆలస్యముగ వచ్చును. ధాన్యము తూర్పారబట్టువాడు చేట నొక్కసారిగ క్రుమ్మరించిన పని త్వరగ ముగియును గాని తాలు గింజలలోనే నిలుచును. మఱీ నిదానించిన గాలి పడిపోవును. ఇచ్చట బిడ్డ నిద్రయే గాలి.

కావున మన వంతు పని యొకటి కలదు. బిడ్డకు కడుపునిండ పాలిచ్చి, నిద్రించు వేళకు కొనిపోవలెను. నిద్రలో కండరములు సడలి రొద పుట్టుకలోనే తగ్గును. పరీక్షకుని తొందరపెట్టరాదు. రొదలో తరంగము కానరాకున్నంతమాత్రమున బిడ్డ చెవిటి యనరాదు; మరల రమ్మన్న విసుగక వెళ్లవలెను. వినికిడి తరువాతను తగ్గవచ్చును గాన, అనుమానము కలిగినపుడెల్ల చూపవలెను.

పెద్దల మాటకు పల్లెలో విలువ కలదు. "వేచి చూతము" అనుటకు మాఱుగ "చూపించి వత్తము" అని మీరన్నచో, ఒక బిడ్డకు భాష దక్కును.