చెయ్యి మనది, సంతకం ఎవరిది?

(ఒక పల్లెలో అంబేద్కర్ యువజన సంఘం సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం. కొంచెం కుదించి ఇస్తున్నాం.)

 

ఇయ్యాల విమానాల గురించి మాట్లాడతానని చెపితే కొందరు నవ్విండ్రు. బస్సు చార్జీలకే వెతుక్కునేటోళ్ళకు విమానం సంగతి ఎందుకన్నరు. నేను విమానం ఎక్కే సంగతి మాట్లాడటం లేదు. దాన్ని విప్పి, చూసి, బిగించి, మళ్ళీ ఎగరనిచ్చే చేతుల సంగతి మాట్లాడుతున్నాను. చేతిపని సంగతి మనకు తెలిసినంతగా ఈ దేశంలో ఇంకెవరికి తెలుసు?

విమానం ఎవరు కనిపెట్టారని ఏ బడి పిల్లవాణ్ణి అడిగినా రైట్ సోదరులు అంటడు. నిజమే. 1903 డిసెంబర్ 17న అమెరికాలో మొదటిసారి ఎగిరింది వాళ్ళే. కానీ రెక్కలుంటే చాలదు గదా, ఇంజను కావాలి. మోటారు కంపెనీలకు ఉత్తరాలు రాస్తే అంత తేలికైన ఇంజను ఎవరూ ఇయ్యలేదు. అప్పుడు దాన్ని చేసినవాడు చార్లీ టేలర్. డేటన్ పట్టణంలో ఆ అన్నదమ్ముల సైకిల్ షాపులో జీతానికున్న మెకానిక్. ఒక లేత్ మిషన్, ఒక డ్రిల్లింగ్ మిషన్, చేతి పనిముట్లు, చిత్తు కాగితాల మీద గీసిన బొమ్మలు. వీటితో ఆరు వారాల్లో ఇంజను తయారుచేసిండు. క్రాంక్ షాఫ్టును ఒక ఉక్కు దిమ్మె నుంచి రంధ్రాలు పొడిచి, ఉలితో చెక్కి, లేత్ మీద తిప్పి తీసిండు. ఆ ఇంజనే విమానాన్ని లేపింది.

మరి ఆయన గతేమైంది? అన్నదమ్ముల పేర్లు లోకమంతా మోగినై. టేలర్ ముసలితనంలో డబ్బులేక, మళ్ళీ కార్ఖానాలో పనికి కుదిరిండు. ఆఖరికి ధర్మాసుపత్రి వార్డులో చేరే గతి పట్టింది, 1956లో చనిపోయిండు. ఆయన పుట్టినరోజు మే 24ను విమాన మెకానిక్కుల దినంగా జరుపుకోవడం ఆయన పోయిన ఎన్నో ఏండ్లకు మొదలైంది. కాలిఫోర్నియా రాష్ట్రం 2002లో తీర్మానం చేసింది. యాభై ఏండ్లు ఈ పనిచేసిన వాళ్ళకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే బహుమానానికి కూడా ఇప్పుడు ఆయన పేరే పెట్టిండ్రు. బతికున్నప్పుడు పట్టించుకోక, చచ్చినంక దండలేసే అలవాటు మన దేశానిదే అనుకుంటిమి!

మోట బావుల కాలం చూసిన పెద్దలు ఇక్కడ ఉన్నరు. బొక్కెన కుట్టింది ఎవరు? తొండం కుట్టింది ఎవరు? మాదిగోళ్ళు. కుట్టు ఒక్కటి జారితే నీళ్ళు సగం బావిలకే పోయేటివి, మడి ఎండేది. పంట మాత్రం పటేల్ పంట అని పేరు. కుట్టినోడికి కళ్ళం కాడ ఇంత గింజలు. ఆరె, రంపె పట్టిన చెయ్యికి ఎంత నేర్పు కావాలో ఏ బడి పుస్తకంలోనూ రాయలేదు. కులం అంటే పనుల విభజన కాదు, పనిచేసేవాళ్ళనే మెట్లుమెట్లుగా విడగొట్టడమని బాబాసాహెబ్ 1936లోనే తేల్చిండు. చేతిపనిని కింది మెట్టు మీద పెట్టిన సమాజం ఎంత పెద్ద యంత్రం తెచ్చుకున్నా, దాన్ని బాగుచేసేవాణ్ణి అదే మెట్టు మీద కూర్చోబెడతది.

ఈ పని ఎంత బరువైందో ఒక్క సంగతి చెప్తాను. 1990 జూన్ 10న ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ నుంచి ఒక విమానం లేచింది. పదిహేడు వేల అడుగుల ఎత్తులో పైలట్ ముందరి అద్దం ఊడిపోయింది. పైలట్ నడుం దాకా బయటికి లాక్కుపోబడ్డడు. లోపలి సిబ్బంది ఆయన కాళ్ళు పట్టుకొని వేలాడిండ్రు. రెండో పైలట్ విమానాన్ని దించిండు, ప్రయాణికులు, పైలట్ అందరూ బతికిండ్రు. కారణం? ముందురోజు తెల్లవారుజామున ఆ అద్దం మార్చినప్పుడు బిగించిన 90 బోల్టులలో 84 ఉండాల్సిన దానికంటే సన్నవి. ఎంత సన్నం? కంటికి ఆనేంత తేడా కూడా కాదు. రాత్రి షిఫ్టు, మనుషులు తక్కువ. షిఫ్టు మేనేజరే స్వయంగా పనిలో దిగి, పాత బోల్టు పక్కన కొత్తది పెట్టి కంటితో పోల్చుకున్నడు. విచారణ చేసినోళ్ళు ఆ ఒక్క మనిషిని తిట్టి ఊరుకోలేదు. అక్కడి పని పద్ధతి ఎట్లుంది, తనిఖీ ఎవరు చేసిండ్రు అని అడిగిండ్రు. పనిచేసేవాడికి నిద్ర, వెలుతురు, సరైన సామాను, తగినంతమంది తోడు, ఎప్పటికప్పుడు శిక్షణ కావాలన్నది దయ కొద్దీ ఇచ్చేది కాదు. పైన కూర్చున్నవాళ్ళ ప్రాణం దాని మీదే ఉంది.

ఇక మనకు దగ్గరి చుట్టాల కథ. నల్లవాళ్ళ కథ.

చికాగోలో కార్నీలియస్ కాఫీ, జాన్ రాబిన్సన్ అని ఇద్దరు మోటారు మెకానిక్కులు. విమాన మెకానిక్కు బడికి ఉత్తరం రాసిండ్రు, ఫీజు కట్టిండ్రు, సీటొచ్చింది. తీరా మనుషులు పోయి నిలబడితే, నల్లోళ్ళని చూసి, మీ డబ్బు మీకిస్తాం వెళ్ళిపొమ్మన్నరు. (కాగితం మీద సీటు, గడప కాడ అడ్డు. ఈ కథ మన ఇంట్లోదే అనిపిస్తలేదా?) వాళ్ళ మోటారు షాపు యజమాని తెల్లవాడే గానీ న్యాయమున్నవాడు. కోర్టుకు పోతామనేసరికి బడి దిగొచ్చింది. 1931లో ఇద్దరూ పాసైండ్రు. తర్వాత అదే బడి నల్ల పిల్లల తరగతి పెట్టి వాళ్ళనే పంతుళ్ళుగా పిలిచింది. తెల్లవాళ్ళ మైదానాలు రానియ్యకపోతే, రాబిన్స్ అనే నల్లవాళ్ళ ఊళ్ళో సొంతంగా మైదానం చదును చేసుకున్నరు. గాలివాన దాన్ని కూల్చింది. ఇంకో మైదానం వెతుక్కున్నరు.

చెల్లెళ్ళారా, ఈ మాట మీకోసం. ఆ గుంపులోకి విల్లా బ్రౌన్ అనే ఆమె వచ్చింది. నాలాగే బడిపంతులు. 1935లో మెకానిక్కు సర్టిఫికెట్, 1938లో పైలట్ లైసెన్సు తీసుకుంది. కాఫీతో కలిసి బడి నడిపింది. 1939లో వాళ్ళు ఒక చికాగో నల్లవాళ్ళ పత్రిక సంపాదకుణ్ణి కలుపుకొని జాతీయ స్థాయి సంఘం పెట్టిండ్రు. మీ సైన్యంలో మాకు తావు ఎందుకు లేదని ప్రభుత్వాన్ని నిలదీసిండ్రు. ఒంటరిగా ఎవరూ గెలవలేదు. బడి, సంఘం, పత్రిక మూడూ కలిస్తేనే కదిలింది. 1941 మార్చిలో షనూట్ ఫీల్డులో రెండు వందల యాభై మందికి పైగా నల్ల యువకులకు విమానాల నిర్వహణ పనుల్లో శిక్షణ మొదలైంది. టస్కీగీ పైలట్ల పేరు అందరికీ తెలుసు. వాళ్ళలో మొదటి జట్టు రెక్కల బిళ్ళ పెట్టుకున్నది 1942 మార్చిలో. అంటే పైలట్ల కన్నా ముందు మెకానిక్కుల బడి.

ఇప్పుడు మన గడపకు వద్దాం. శంషాబాద్ ఎయిర్‌పోర్టు 2008లో తెరిచిండ్రు. అయిదు వేల ఎకరాల పైచిలుకు భూమి. అక్కడ విమానాలు బాగుచేసే షెడ్లు కూడా ఉన్నై. మన పిల్లలు ఆ గేటు లోపలికి పోతున్నరు. ఏ పనికి? నేను చూసినంతలో ఊడ్చే పనికి, మూటలెత్తే పనికి, కాంట్రాక్టు మీద.

మెకానిక్కు దారి ఎట్లుంటదో చెప్తా వినండి. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. డీజీసీఏ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ లైసెన్సు ఇస్తది. అంశాల వారీగా పరీక్షలు, ఒక్కోదాంట్లో నూటికి 75 రావాలి, అంతా ఇంగ్లీషులో. ఆపైన విమానాల మీద ఏండ్ల కొద్దీ పనిచేసిన అనుభవం చూపాలి. లైసెన్సు ఉన్న ఇంజనీరు సంతకం పెడితేనే విమానం ఎగురుతది. లైసెన్సు లేని టెక్నీషియన్ రాత్రంతా పనిచేసినా ఆ సంతకం ఆయనది కాదు. జీతం తేడా, గౌరవం తేడా అక్కడే మొదలైతది. 2022 జులైలో హైదరాబాద్, ఢిల్లీలలో విమాన టెక్నీషియన్లు జీతాలు చాలక మూకుమ్మడిగా సిక్ లీవు పెట్టిండ్రు. కరోనాలో కోసిన జీతాల మంట అది. పేపర్లో చిన్న వార్త. మన సంఘాలేవీ వాళ్ళ గురించి ఒక్క కరపత్రం వెయ్యలేదు. ఇది నాకు నచ్చలేదు. ఆ పని రేపు మన పిల్లలది కావాలనుకుంటే ఆ కొట్లాట ఇయ్యాల మనది కావద్దా?

ప్రైవేటు కంపెనీల ఉద్యోగాల్లో రిజర్వేషన్ లేదు. కానీ ఒక కిటికీ ఉంది, చాలామందికి తెలియదు. 1961 అప్రెంటిసుల చట్టంలో 3ఎ సెక్షన్. ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, గుర్తించిన ట్రేడుల్లో అప్రెంటిసులను తీసుకునే యజమాని ఎస్సీ, ఎస్టీ పిల్లలకు శిక్షణ స్థానాలు కేటాయించాలి. రాష్ట్రంలో మన జనాభాను బట్టి లెక్క. విమానాల షెడ్డు దీనికి మినహాయింపు కాదు. ఎన్ని స్థానాలు, ఎవరికిచ్చిండ్రు అని అడగాలి. ప్రభుత్వ అప్రెంటిసుషిప్ కార్యాలయానికి సమాచార హక్కు కింద అర్జీ పెట్టొచ్చు. ఐటీఐ చదివే పిల్లల పేర్లతో సంఘం తరఫున పోవాలి, ఒక్కొక్కరుగా కాదు.

ఇంకొక జాగ్రత్త. లక్షలు గుంజే కాలేజీలు కొన్ని ఉన్నై. బోర్డు మీద విమానం బొమ్మ ఉంటది, వెనక డీజీసీఏ అనుమతి ఉండదు. అప్పుచేసి, పొలం అమ్మి కట్టకముందు ఆ అనుమతి కాగితం అడగండి. డీజీసీఏ జాబితాలో పేరుందో లేదో చూడండి. కాలేజీ సర్టిఫికెట్ వేరు, లైసెన్సు వేరు. కాలేజీ పాసై, లైసెన్సు పరీక్షలు పూర్తికాక చేతులు ముడుచుకున్న పిల్లలు మనలో ఉన్నరు. వాళ్ళ పరీక్ష ఫీజులకు, ఇంగ్లీషు చెప్పడానికి సంఘం ఏం చెయ్యగలదో ఈ సభలోనే మాట్లాడుకోవాలె. ఇంగ్లీషు సంగతి నేను చూసుకుంటా. ఆదివారం పొద్దున బడి వరండాలో కూర్చుందాం, ఇంటర్ చదివే పిల్లలు, ఐటీఐ పిల్లలు మెమోలు పట్టుకొని రండి. ఆడపిల్లల్ని కూడా తోలండి, వంట పని ఉందని ఆపొద్దు.

అర్జీ నమూనా రాసి తెచ్చిన. ఇది చేతులు మారాలె, చదివి సంతకాలు పెట్టండి.