పాఠశాల బాలబాలికల దేహదార్ఢ్యము – ప్రభుత్వ ధర్మము

(ఇందాలో మన సంఘ సాంస్కృతిక సభయందు చేసిన ప్రసంగము)



ఇందా నాకు పరాయి ఊరు కాదు. మా తాతగారు శ్రీకాకుళము జిల్లానుండి పొట్ట చేతపట్టుకొని ఖరగ్‌పూరు వచ్చి రైల్వే వర్కుషాపులో చేరిరి. మా తండ్రిగారును అచ్చటనే పనిచేసి, ఉద్యోగ విరమణానంతరము ఇందాలో స్థిరపడిరి. ఇచ్చటి దుమ్ములో ఆడి పెరిగిన నేను సచివాలయమున కాగితముల నడుమ కూర్చుండు ఉద్యోగినైతిని. నేను వ్యాయామశాస్త్ర పండితుడను కాను. ఒక ప్రభుత్వోద్యోగిగాను, ఒక తండ్రిగాను నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేసెదను.

మొదట నా తప్పొకటి ఒప్పుకొనవలెను. నా కుమార్తె ఉన్నత పాఠశాలలో చదువుచున్నది. నిరుడు త్రైమాసిక పరీక్షలు దగ్గరపడినవేళ, ఆటల గంటలో లెక్కలు చేసికొనుటకు అనుమతింపుడని పాఠశాలకు చీటి వ్రాసి ఇచ్చితిని. వారు మారుమాట లేక అంగీకరించిరి. నెలదినములకని ఇచ్చిన చీటి ఏడాది పొడుగునా చెల్లెను. మొన్న సెలవులలో ఇచ్చటికి వచ్చినప్పుడు ఖరగ్‌పూరు స్టేషనులో పైవంతెన మెట్లెక్కుచు ఆ పిల్ల సగములోనే ఆయాసపడి కూలబడినది. డెబ్బది యేండ్లు దాటిన మా తండ్రిగారు దాని సంచిని భుజమున వేసికొని పైమెట్టున నిలిచి మాకై ఎదురుచూచుచున్నారు. "ఈ వయసున నీకేమమ్మా ఇంత ఆయాసము?" అంటిని. "ఆటల గంటకు పంపవద్దని చీటి వ్రాసినది మీరే కదా, నాన్నగారూ!" అని అది బదులు చెప్పినది. ఆ మాటకు నాయొద్ద జవాబు లేకపోయెను. నేడు ఈ విషయమును ఎన్నుకొనుటకు కారణము అదియే.

బాలల దేహదార్ఢ్యము ప్రభుత్వమునకేల, తల్లిదండ్రులు చూచుకొనరాదా అని కొందరు ప్రశ్నింతురు. ఈ ప్రశ్నకు మనము నివసించుచున్న వంగభూమి చరిత్రయే కొంత సమాధానము చెప్పగలదు. 1902లో కలకత్తాలో అనుశీలన సమితి మొదట వ్యాయామ సంఘముగానే వెలసినది. కఱ్ఱసాము, కుస్తీ నేర్చిన యువకులు స్వాతంత్ర్యమును గూర్చి ఆలోచింపసాగిరి. ఆంగ్లప్రభుత్వమునకు అఖాడాయన్న అనుమానము పుట్టెను. ఢాకాలోని సమితిని 1909లో నిషేధించిరి. దండీలు బస్కీలు తీయు కుర్రవానిని పోలీసువారు కనిపెట్టుచుండిన కాలమది. మనకు కూతవేటు దూరముననున్న హిజ్లీ నిర్బంధ శిబిరమున 1931 సెప్టెంబరు 16వ తేదీన జరిగిన కాల్పులలో ఇద్దరు యువకులు ప్రాణములు కోల్పోయిరి. ఆ కట్టడముననే 1951లో దేశమునకు తొలి ఐఐటి ఆరంభమయ్యెను. పరాయి ప్రభుత్వము బలముగల యువకుని చూచి భయపడెను. మన ప్రభుత్వము భయపడవలసినది బలములేని బాలుని చూచి. ఇదియే రెంటికిని గల భేదము.

ఆ పాలనలోనే పనిచేసిన ఒక అధికారి భిన్నముగా ఆలోచించెను. ఆయన ఐ.సి.ఎస్. ఉద్యోగియగు గురుసదయ దత్తు. బీర్భూము జిల్లాలో రాయబేంశె అను వీరనృత్యమును గ్రామీణులు ఆడుచుండగా చూచి, అందులో వ్యాయామమును ఆనందమును కలిసియుండుట గుర్తించి, 1932లో బ్రతచారీ ఉద్యమమును నెలకొల్పెను. జ్ఞానము, శ్రమ, సత్యము, ఐక్యము, ఆనందము అను ఐదును ఆ ఉద్యమ వ్రతములు. దీనికి ఖరీదైన పరికరములు అక్కరలేదు. డోలు, పాట, కొంత ఖాళీ నేల యున్న చాలును. కాగితముల మీద సంతకము చేయు చేయి తలచుకొన్నచో పిల్లల కాళ్లకు ఎంత చలనము కలిగింపగలదో ఆ మహనీయుడు నిరూపించెను.

మన ఆంధ్రదేశమునకును ఈ విద్య కొత్తది కాదు. సాము గరిడీలు, చెడుగుడు, కోతికొమ్మచ్చి మన పల్లెలలో ఏ శాసనము లేకయే వర్ధిల్లినవి. వీరఘట్టమున పుట్టి కలియుగ భీముడని కీర్తిగాంచిన కోడి రామమూర్తినాయుడుగారు మద్రాసు సైదాపేటలో వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొంది విజయనగరమున పాఠశాలలో పనిచేసినవారే. ఏనుగును రొమ్ముపై నిలుపుకొన్న బలశాలి ఒకప్పుడు బడిపిల్లల డ్రిల్లు మాస్టారు! ఆ సీమలోనే ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సున మొత్తము 240 కిలోల బరువెత్తి, ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతీయ మహిళయయ్యెను. వీరిని తలచుకొన్న మన గుండె ఉప్పొంగును. కాని ప్రభుత్వ ధర్మమును కొలుచుటకు పతకములు సరియైన కొలబద్ద కావు. పతకము ఒక్క బిడ్డ ప్రతిభను తెలుపును. నడుమ ఆగక మెట్లెక్కగల పిల్లలెందరో లెక్కించినప్పుడుగాని ప్రభుత్వము తన పని చేసినదో లేదో తెలియదు.

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1948లో ఎన్.సి.సి. శాసనము వచ్చినది. 1954లో, ఆజాద్ హింద్ ఫౌజున పనిచేసిన జనరల్ భోంస్లేగారి ఆధ్వర్యవమున జాతీయ క్రమశిక్షణ పథకము శరణార్థి బాలల నడుమ ఆరంభమయ్యెను. 1957లో గ్వాలియరున లక్ష్మీబాయి వ్యాయామ కళాశాల వెలసినది. పథకములు ఎక్కువై ఒకదానితో ఒకటి పొసగకుండగా 1959లో హృదయనాథ కుంజ్రూగారి అధ్యక్షతన సంఘమును నియమించిరి. ఆ సూచనల ననుసరించి 1965లో నేషనల్ ఫిట్‌నెస్ కోర్ ఏర్పడినది. తదుపరి దాని బోధకులను రాష్ట్రములకు అప్పగించిరి. క్రీడలు రాజ్యాంగమున రాష్ట్రముల జాబితాలోనివి. విద్య 1976 నాటి సవరణవలన ఉమ్మడి జాబితాకు మారినది. బడిపిల్లవాని ఆట ఈ రెంటి నడుమ పడినది. ఉమ్మడి ఆస్తికి వెల్లవేయువాడుండడన్నట్లు, ఇద్దరు యజమానులు గల పని ఎట్లుండునో మన ఉద్యోగులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇటీవలి ఏర్పాట్లును తక్కువవి కావు. 2009 నాటి విద్యాహక్కు చట్టపు అనుబంధము ప్రతి పాఠశాలకును ఆటస్థలము, ఆటవస్తువులు ఉండవలెనని విధించినది. ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల బడిలో నూరుగురు మించి పిల్లలున్నచో ఆరోగ్య వ్యాయామ విద్యలకు కనీసము పాక్షికకాల బోధకుడు ఉండవలెననినది. 2018లో వచ్చిన సమగ్ర శిక్షా పథకమున ఆటవస్తువులకై ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వార్షిక గ్రాంటు నిర్ణయింపబడినది. ఆ యేటనే ఖేలో ఇండియా పాఠశాల క్రీడలు జరిగినవి. 2019 ఆగస్టు 29న ఫిట్ ఇండియా ఉద్యమము ఆరంభమయ్యెను.

ఇన్ని యుండగా లోపమెక్కడ? నేను ఎఱిగినంతలో లోపము ఆ గంటలో నున్నది. చట్టము స్థలమిచ్చినది, గ్రాంటు బంతినిచ్చినది. కాలపట్టికలోని గంటకు కావలివాడు లేడు. నేను పదవ తరగతి చదువునాడు మా పాఠశాలలో శుక్రవారము చివరి గంట డ్రిల్లు. మాస్టారు ఈల మెడలో వేసికొని వచ్చునంతలో మరియొక మాస్టారు సుద్దముక్కతో ప్రవేశించెడివారు. ఈల వెనుకకు తిరిగి పోయెడిది. ఏడాది చివర మా ప్రగతిపత్రములో వ్యాయామవిద్యకు ఎదురుగా 'తృప్తికరము' అని వ్రాసియుండెను. మేము మైదానమున కాలు పెట్టిన దినములను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. కాగితము తృప్తిపడెను గాని దేహమునకు తృప్తి ఎక్కడిది?

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. అయిదు మొదలు పదునేడేండ్ల వరకు గల పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములు ఒడలు వంచి శ్రమింపవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఆ సంస్థ 2016 వరకు గల వివరములను కూర్చి 2019లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, ప్రపంచమున పదునొకటి మొదలు పదునేడేండ్ల వారిలో 81 శాతమునకు తగినంత వ్యాయామము లేదు. బాలురకన్న బాలికల స్థితి హీనముగా నున్నది. అమెరికాలో నడుము వంగుట, లేచుట వంటి సులభ పరీక్షలలో తమ పిల్లలు సగమునకు మించి తప్పగా, ఐరోపా పిల్లలు నూటికి పదిమందియు తప్పలేదని తెలిసి, 1956లో అధ్యక్షుడు ఐజన్‌హోవరు బాలల దారుఢ్యమునకై ప్రత్యేక మండలినే స్థాపించెను. సంపన్న దేశమునకే ఈ చింత తప్పలేదు. ఇక అర్ధాకలితో బడికి వచ్చు పిల్లలుగల మనకు చింత రెండింతలు. కడుపులో అన్నము లేని బిడ్డను పరుగెత్తుమనుట క్రూరత్వము. అందుచే 1995లో జాతీయ పథకముగా ఆరంభమైన మధ్యాహ్న భోజనమును నేను వ్యాయామ విద్యకు మొదటి పాఠముగా భావింతును.

"ఆటలు కూడు పెట్టునా? పరీక్ష గట్టెక్కవలదా?" అని మన తల్లిదండ్రులు అందురు. రైల్వే పట్టణమున ఈ ప్రశ్న వేయుట వింతగానున్నది. రైల్వేలో గ్రూపు-డి ఉద్యోగములకు వ్రాతపరీక్ష నెగ్గినంతట చాలదు. పురుష అభ్యర్థి 35 కిలోల బరువును 2 నిమిషములలో 100 మీటర్లు మోయవలెను. 1,000 మీటర్లు 4 నిమిషముల 15 సెకనులలో పరుగెత్తవలెను. స్త్రీలకు బరువు 20 కిలోలు, పరుగునకు గడువు 5 నిమిషముల 40 సెకనులు. వ్రాతలో నెగ్గి ఈ పరుగులో ఓడి తిరిగివచ్చిన బిడ్డలను నేను చూచితిని. డ్రిల్లు గంటను లెక్కలకు మళ్లించి, పిదప ఉద్యోగద్వారమున కాళ్లు తడబడుట చూచి దుఃఖించుట ఎవరి తప్పు?

మన ఊరి సంగతి తలచుకొందము. రైల్వేవారు క్వార్టర్లతోపాటు మైదానములను గూడ ఏర్పరచిరి. సెర్సా స్టేడియము మనకండ్ల ఎదుటనే యున్నది. 2001 మొదలు కొన్నేండ్లు ఇచ్చట టికెట్టు తనిఖీ ఉద్యోగిగా పనిచేసిన మహేంద్రసింగు ధోనీ ఈ ఊరి మైదానములలో ఆడి, పిమ్మట 2011లో దేశమునకు ప్రపంచకప్పు తెచ్చిపెట్టెను. ఉద్యోగులకై ప్రభుత్వము కల్పించిన మైదానము ఫలితము మనకు తెలియును. ఇక ఆటస్థలము లేని చిన్న బడుల పిల్లలకు కూడ, ఉపాధ్యాయుని పర్యవేక్షణలో, ఉదయము ఒక గంట అట్టి ప్రభుత్వ స్థలముల తలుపు తెరచిన నష్టమేమి? దీనికి కొత్త శాసనము వలదు. ఇద్దరు అధికారులు ఒక బల్లవద్ద కూర్చుండిన చాలును.

నా మనవి నాలుగు మాటలలో చెప్పెదను. ఆటల గంటను మరియొక పాఠమునకు మళ్లింపరాదని ఆజ్ఞ యుండవలెను. తనిఖీకి వచ్చు అధికారి పుస్తకముతోపాటు మైదానమును గూడ చూడవలెను. వ్యాయామోపాధ్యాయుని ఎన్నికల విధులకు, గుమాస్తా పనులకు వాడుకొనక అతని పనిని అతనిని చేయనీయవలెను. బాలికలకు మరుగుదొడ్డి, మంచినీరు, భయము లేని మైదానము సమకూర్చవలెను. ఇవి లేకయే ఆడపిల్లలు ఆడుటలేదని నిందించుట న్యాయము కాదు. ఏటేట పిల్లల దారుఢ్యమును పరీక్షింపవలెను గాని, అది మెరికలను ఏరుటకు కాక, వెనుకబడినవానిని, అంగవైకల్యముగలవానిని చేయిపట్టి నడిపించుటకు కావలెను. నిరుటికన్న ఈ యేడు పది అడుగులు ఎక్కువ పరుగెత్తిన బిడ్డయే ఆ పరీక్షలో నెగ్గినట్లు.

చివరకొక మాట. ప్రభుత్వమేమి చేయుచున్నదని మనము తరచు అడుగుదుము. కేంద్రోద్యోగుల సంఘమగు ఈ సభలో ఆ ప్రశ్న మనకే తిరిగి వచ్చును. కచేరీలో ఆటస్థలముల ఫైలుపై అనుకూలముగా వ్రాసి, ఇంటికివచ్చి బిడ్డకు ఆట మాన్పించు చీటిపై సంతకము చేసిన చేయి ఒక్కటే. ఆ చేయి నాదే. నేను ఆ చీటిని వెనుకకు తీసికొంటిని. ఈ సెలవులలో మా తండ్రిగారు మనుమరాలిని తెల్లవారుజామున నడకకు వెంటబెట్టుకొని పోవుచున్నారు. మొదటి దినమున అది సగముదారిలో కూర్చున్నదట. నిన్న ఆయనకు ముందుగా ఇల్లు చేరినది. మీ యిండ్లలో అట్టి చీటి ఏదైన ఉన్నచో, దానిని మీరును వెనుకకు తీసికొనుడని ప్రార్థించుచున్నాను.