పలకల ఊరు, ఎనిమిదేళ్ల మనసు

ఆరేళ్లు దాటాక పసితనపు ఉద్వేగాలు కొంత అణగి, ఆ శక్తి చదువుకూ స్నేహాలకూ మళ్లుతుందని మనోవిశ్లేషకుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ భావించారు. 1905 నాటి రచనలోనే ఆయన ప్రస్తావించిన ఈ కాలాన్ని గుప్త దశ అంటారు. అయితే ఈ వయసును నిజంగా పట్టించుకున్నది మరో మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్సన్ అని నా అభిప్రాయం. 1950లో వచ్చిన పుస్తకంలో ఆయన చెప్పిందిదే: ఈ ఏళ్లలో పనులు నేర్చుకుంటూ పిల్లలకు ‘నాకు చేతనవును’ అన్న నమ్మకమైనా కుదురుతుంది, ‘నావల్ల కాదు’ అన్న న్యూనతైనా పాతుకుంటుంది.

మన మార్కాపురం పలకల పరిశ్రమలో ఒకప్పుడు ఈ వయసు పిల్లలెందరో పనిచేశారు. ఎవరో దిద్దుకోబోయే పలకలు చేస్తూ తాము బడికి దూరమయ్యారు. 1988లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ బాలకార్మిక ప్రాజెక్టుల తొలి జాబితాలో మార్కాపురం ఉంది. పని నేర్చుకుంటే మంచిదే కదా అంటారు కొందరు. ఎరిక్సన్ చెప్పిన పనిలో నేర్పేవాళ్లుంటారు, మెప్పు ఉంటుంది, రేపు మరో కొత్త పని ఉంటుంది. కూలి కోసం రోజంతా రాతి దుమ్ములో ఒకే పని చేస్తే ఇవేవీ దక్కవు.

‘నాకు చేతనవును’ అన్న ఆ నమ్మకం ఇంట్లోనూ కుదరాలి. గిద్దలూరులోనో కంభంలోనో మీ మూడో తరగతి పాప లెక్క తప్పితే పక్కింటి పిల్లతో పోల్చకండి. ఎక్కడ తప్పిందో పక్కన కూర్చుని చూడండి. తనకు బాగా వచ్చిన పనేదో మీకూ నేర్పమనండి.