ఓర్పు వేరు, దయ వేరు

(మహిళా సహాయ కేంద్రాల కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



'మన పట్ల, తోటివారి పట్ల దయగా ఉండడం' గురించి మాట్లాడమన్నారు. ఈ మాట వినగానే మీలో కొందరికి నవ్వొచ్చి ఉంటుంది. దయ, జాలి, సహనం అన్నీ పుట్టింటివాళ్ళు సారెతో పాటు కట్టి పంపినవే కదా! 'ఆడదానికి భూదేవంత ఓర్పుండాలి' అని చెప్పీ చెప్పీ మన నోళ్ళు మూయించారు. కాబట్టి హక్కుల వేదిక మీద దయ గురించి ఎత్తితే అనుమానించడం న్యాయమే. కానీ ఓర్చుకోమని చెప్పడానికి నేను రాలేదు. కొట్టే భర్తతో రాజీపడమనడం దయ కాదు.

మన కేంద్రాల్లో జరిగేదే చెప్తాను. పొద్దున్నించీ పోలీసు స్టేషను, ఆస్పత్రి, కోర్టు తిరిగి, మధ్యాహ్నం తిండి కూడా తినని కార్యకర్త దగ్గరికి సాయంత్రం ఒకామె వస్తుంది. రెండు నెలల కింద ఫిర్యాదు రాయించి, పెద్దమనుషులు సర్దిచెప్తే కాపురానికి వెళ్ళిపోయిన మనిషి. మళ్ళీ దెబ్బలతో వచ్చింది. కార్యకర్త నోట్లోంచి వచ్చే మొదటి మాట: 'అప్పుడే చెప్పాం కదా, ఎందుకెళ్ళావ్?' స్టేషన్లో ఎస్సై అడిగే ప్రశ్నా అదే. ఎందుకెళ్ళిందో మనకు తెలియదా? పుట్టింట్లో చోటు లేదు, పిల్లల బడి ఆ ఊళ్ళోనే ఉంది, చేతిలో డబ్బు లేదు. 2005 గృహహింస చట్టం ఆమెకు ఆ ఇంట్లో నివసించే హక్కునిచ్చింది. మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో దరఖాస్తు తేల్చడానికి ప్రయత్నించాలనీ అంది. ఆ అరవై రోజులు ఎంతగా సాగుతాయో మీకు నేను చెప్పాలా!

ఆ కార్యకర్త చెడ్డది కాదు, అలసిపోయింది. ఇతరుల బాధ వినీ వినీ మనసు మొద్దుబారడం గురించి అమెరికన్ మనస్తత్వవేత్త చార్లెస్ ఫిగ్లీ 1995లో ఒక పుస్తకమే తెచ్చాడు. మన అలసటకు మూల్యం చెల్లించేది మనం ఒక్కరమే కాదు, దెబ్బలతో వచ్చిన ఆ మనిషి కూడా. ఇది హక్కుల విషయం కూడా అని నేననేది అందుకే.

2003లో క్రిస్టిన్ నెఫ్ అనే పరిశోధకురాలు తన పట్ల తాను దయగా ఉండడంలో మూడు సంగతులు చెప్పింది. స్నేహితురాలితో మాట్లాడినట్టే మనతో మనం మాట్లాడుకోవడం, ఈ కష్టం నా ఒక్కదానిదే కాదని గుర్తించడం, బాధను దాచకుండా, పెంచకుండా చూడడం. రెండోది మన సంఘాలకు కొత్తేమీ కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు సారా గొడవ తమ ఇంటిదే కాదు, ఊరందరిదీ అని మాట్లాడుకున్నాకే 1992 ఉద్యమం అంత దూరం వెళ్ళింది.

అయితే 'ఊపిరి పీల్చుకోండి, మీ కోసం ఓ గంట ఉంచుకోండి' అనే సలహాతో నాకు పేచీ ఉంది. ఏ గంట? 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే మగవాళ్ళు 97 నిమిషాలు. కార్యకర్త ఇంటికెళ్ళేది ఆ 299 నిమిషాల్లోకే. కాబట్టి దయ సంస్థ పనితీరులోకి రావాలి. కష్టమైన కేసుకు ఇద్దరు వెళ్ళాలి. మర్నాడు దాని గురించి మాట్లాడుకోవడానికి ఓ గంట ఉండాలి. వారం సెలవంటే ఫోను కూడా ఇంకొకరి చేతికి వెళ్ళాలి. జీతం వేళకివ్వడం వేరే చెప్పనక్కర్లేదు. ఒంటరిగా తట్టుకోలేని స్థితి వస్తే 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416 మనం ఇతరులకిచ్చేదే కాదు, మనకూ పనికొస్తుంది.

ఇంకొకటి, కొంచెం చేదుగా ఉంటుంది. సెలవు పెట్టిన అమ్మాయిని 'నిబద్ధత లేదు' అనేది బయటివాళ్ళు కాదు, మనమే. పిల్లవాడికి జ్వరమని మీటింగు మానేసిన మనిషిని వెనకాల ఏమంటున్నామో ఒకసారి చెవిపెట్టి వినండి. మన అత్తగార్ల గొంతు వినిపిస్తుంది. నలుగురైదుగురు మంచి కార్యకర్తలు అలా వెళ్ళిపోయిన కేంద్రాలున్నాయి. పని నచ్చక వెళ్ళినవాళ్ళు కాదు వాళ్ళు.

భోజనాల తర్వాత బృందాలుగా కూర్చున్నప్పుడు మీ కేంద్రం డ్యూటీ పట్టిక, సెలవుల రిజిస్టరు ముందు పెట్టుకోండి. కిందటి మూడు నెలల్లో ఒక్క సెలవూ తీసుకోనివాళ్ళెవరో చూసి, చర్చ అక్కణ్ణించి మొదలుపెట్టండి.