మూడో పెన్సిలు: మెదడు కణితిలో మన ప్రోటీన్లు



మా ల్యాబు కిటికీ దగ్గర బయాప్సీ రిపోర్టు అందుకున్న ఒకావిడ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “డాక్టరుగారూ, ఇందులో ఏదో ప్రోటీన్ పాజిటివ్ అని రాశారు. ఇక మావారికి గుడ్లు, పప్పు మాన్పించాలా?” అని అడిగింది. పక్కనున్న కుర్ర డాక్టరు నవ్వు ఆపుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. తప్పు ఆమెది కాదు, మాటది. పాత పాఠ్యపుస్తకాలు మాంసకృత్తులన్నాయి, టీవీ ప్రకటనలేమో డబ్బాలో పొడిగా చూపించాయి. కణంలో తలుపులు తీసేవీ, కబుర్లు మోసేవీ, చెడినదాన్ని బాగుచేసేవీ ప్రోటీన్లేనని ఆమెకెవరు చెప్పారు? తిన్న పప్పు జీర్ణమయ్యేటప్పుడే అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. వాటితో ఏ ప్రోటీన్ కట్టాలో కణంలోని జీన్లను బట్టి ఉంటుంది. పప్పు మానితే మనిషి నీరసిస్తాడు గానీ గడ్డ నీరసించదు. ఆ మాటే చెప్పి పంపాను.

ఎవరి పేరున ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు మాకు పాథాలజీ నేర్పింది రెండు పెన్సిళ్లతో. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. హెమటాక్సిలిన్, ఈయోసిన్ రంగులద్దిన స్లైడు చూసి రికార్డులో బొమ్మ వెయ్యాలి. కేంద్రకాలు నీలం, మిగతాదంతా గులాబీ. “గియ్యలేకపోయావంటే చూడలేదన్నమాట” అనేవారు. గ్లయోబ్లాస్టోమా అనే మెదడు కణితి బొమ్మ నాతో మూడుసార్లు వేయించారు. నడుమ చచ్చిన కణాల దిబ్బ, దాని చుట్టూ దడి కట్టినట్టు కేంద్రకాలు, ఆ పక్కన గుత్తులుగా ఉబ్బిన రక్తనాళాలు. ఆ నాళాలు అక్కడికెందుకొచ్చాయని అడిగితే, “అది నీ కాలంలో తెలుస్తుందిలే” అన్నారు.

తెలిసింది. ఆక్సిజన్ అందని కణాలు వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను బయటికి వదులుతాయి. అది రక్తనాళాల్ని రమ్మని పిలిచే కేక. గర్భంలో శిశువుకు నాళాలు అల్లుకోవడానికీ, గాయం మానడానికీ పనికొచ్చేది కూడా ఈ కేకే.

నేనివాళ చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క ప్రోటీన్‌లోనే ఉంది. మెదడు కణితిని పెంచే ప్రోటీన్లు బయటి శత్రువులు కావు. మనల్ని కట్టిన మేస్త్రీలే.

1950ల్లో రీటా లెవీ మాంటాల్చినీ కోడిపిల్ల పిండాలకు ఎలుక కణితి ముక్క అతికించి చూసింది. పిండం నాడులు ఆ ముక్కలోకి గుబురుగా పెరిగాయి. నాడుల్ని పెంచే పదార్థం కోసం కణితిలోనే మొదలైన ఆ వెతుకులాటలో ఆమెతో చేరిన స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజల గ్రంథుల సారం తీసి, అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కించాడు. రెండు వారాలకు తెరుచుకోవలసిన కళ్లు వారానికే తెరుచుకున్నాయి. ఇంకొకరైతే ఎలుకల్లో ఏదో లోపముందని వదిలేసేవారు. ఆయన వదల్లేదు. అలా దొరికిందే ఈజీఎఫ్ అనే ప్రోటీన్. ఇద్దరికీ 1986లో నోబెల్ వచ్చింది.

ఈజీఎఫ్ ఒక ఉత్తరం. కణం పైపొరలో దాన్ని అందుకునే ప్రోటీన్, అంటే గ్రాహకం, ఈజీఎఫ్ఆర్. ఉత్తరం అందితేనే లోపలికి కబురు వెళ్తుంది: పెరుగు, రెండుగా చీలు. 1984లో ఈ గ్రాహకం నిర్మాణం చదివితే, కోళ్లకు రక్తక్యాన్సర్ తెచ్చే ఒక వైరస్ జీన్‌తో పోలిక కనబడింది. ఆ మరుసటేడే మెదడులో నాడులకు తోడుండే గ్లయల్ కణాల కణితుల్లో, అంటే గ్లయోమాల్లో, ఇదే గ్రాహకం జీన్ లెక్కకు మించిన ప్రతులుగా ఉందని తేలింది. ఇప్పటి లెక్కల్లో గ్లయోబ్లాస్టోమాల్లో సుమారు నలభై శాతం ఇలాంటివే. వీటిలో దాదాపు సగంలో ఇంకో వికారముంది. గ్రాహకం బయటి భాగంలో 267 అమైనో ఆమ్లాలు ఊడిపోయి ఉంటాయి. ఉత్తరం అందుకునే చెయ్యే సరిగా లేదు. అయినా లోపల మాత్రం ఉత్తరం వచ్చినట్టే కబురు నడుస్తూనే ఉంటుంది, రాత్రీ పగలూ.

శత్రువు దొరికాడనుకున్నారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈ గ్రాహకాన్ని ఆపే మాత్రలు కొందరికి బాగా పనిచేశాయి. మెదడులో తేలిపోయాయి. రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుగోడ ఒక కారణం. దానికన్నా పెద్దది ఇంకొకటుంది. ఒకే గడ్డలో ఒక కణం ఈజీఎఫ్ఆర్‌ను పెంచుకుంటే, పక్క కణం వేరే గ్రాహకాన్ని పెంచుకుని కూర్చుంటుంది. ఒక తలుపు మూస్తే పెరటి తలుపు తెరుస్తాయి. వీఈజీఎఫ్‌ను పట్టుకునే బెవసిజుమాబ్ అనే మందు కథా అంతే. స్కాన్‌లో వాపు తగ్గి బొమ్మ బాగుపడింది. కొత్తగా జబ్బు బయటపడ్డవారికి దాన్ని ఇచ్చి చూసిన రెండు పెద్ద ప్రయోగాల ఫలితాలు 2014లో వచ్చాయి. ఆయుష్షు పెరగలేదు.

ప్రోటీన్‌ను కొట్టడం కొత్త విద్య కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లే ప్రయోగశాలల్లో నడిపించిన పరిశోధన నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ చేసేదీ ఒక ఎంజైమును బంధించడమే. మెదడులో పుట్టే లింఫోమాకు పెద్ద మోతాదులో ఈనాటికీ అదే ఇస్తారు. గ్లయోమా మాత్రం అంత సులువుగా లొంగే రకం కాదు.

ఇక మూడో పెన్సిలు. ఐహెచ్‌సీ (ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ) పరీక్షలో మనం వెతికే ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు పడుతుంది. ఆవిడ చేతిలో రిపోర్టు దాని గురించే: ఐడీహెచ్1 పాజిటివ్. 2008లో అమెరికాలో 22 గ్లయోబ్లాస్టోమాలు తీసుకుని ఇరవై వేలకు పైగా జీన్లు చదివారు. అప్పుడు బయటపడింది ఎవరూ అనుమానించని ఈ పేరు. పెరుగుదలతో సంబంధం లేని, కణానికి వంటింటి పని చేసే ఎంజైము. దానిలో 132వ స్థానంలో ఆర్జినైన్ ఉండాలి. మార్పు వచ్చిన గడ్డల్లో ఎక్కువవాటిలో అక్కడ హిస్టిడీన్ చేరింది. ఒక్క అక్షరం మారింది, వంట మారింది. 2-హైడ్రాక్సీగ్లూటరేట్ అనే పదార్థం కుప్పలుగా పోగవుతుంది. డీఎన్ఏ మీద మీథైల్ గుర్తులను చెరిపే ఎంజైములను అది పనిచెయ్యనివ్వదు. గుర్తులు చెరగని కణం ఎదగదు, పిల్లతనంలోనే ఉండిపోయి చీలుతూ పోతుంది.

విచిత్రమేమిటంటే, ఈ మార్పున్న గ్లయోమాలు నెమ్మదైనవి. ఎక్కువగా యువకులకూ నడివయసువారికీ వస్తాయి. 2021 ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఈ మార్పు ఉంటే గ్లయోబ్లాస్టోమా అనే పేరే పెట్టకూడదన్నారు. మా మాస్టారు వింటే రికార్డు పుస్తకం మళ్లీ తెమ్మనేవారు. ఈ మార్పు గడ్డ పుట్టుకలోనే వస్తుంది కాబట్టి దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది. పెరటి తలుపు బాధ ఇక్కడ తక్కువ. ఆ ఎంజైమును ఆపే వొరాసిడెనిబ్ మాత్రను 331 మందిపై పరీక్షిస్తే, జబ్బు ముదరకుండా గడిచిన మధ్యస్థ కాలం 11.1 నెలల నుంచి 27.7 నెలలకు పెరిగింది. 2024లో అమెరికాలో అనుమతి దొరికింది. నయమవడం కాదది, వాయిదా. నలభై ఏళ్ల మనిషికి ఆ వాయిదా ఏమిటో ఇంట్లోవాళ్లని అడగండి.

ఒక్క ప్రోటీన్‌నైతే తిట్టడానికి మనసొప్పదు. ఎంజీఎంటీ డీఎన్ఏకు తగిలిన దెబ్బను తనమీదికి తీసుకుంటుంది. ఒక్కో అణువు ఒక్క దెబ్బ బాగుచేసి, దాంతో అయిపోతుంది. టెమోజోలమైడ్ అనే మందు గడ్డ కణాలపై కొట్టే దెబ్బనూ అంతే శ్రద్ధగా బాగుచేస్తుంది. ఎవరి గడ్డలో ఎంజీఎంటీ జీన్ మూతపడి ఉంటుందో వారికే మందు మేలు ఎక్కువని 2005లో తేలింది.

మెదడు వ్యవహారం ఇంకా చిత్రం. స్టాన్‌ఫర్డ్‌లో మిషెల్ మాంజీ బృందం 2015లో చూపించిందేమంటే, నాడీకణాలు చురుగ్గా పనిచేస్తే పక్కనున్న గ్లయోమా పెరుగుతుంది. కారణం న్యూరోలిజిన్-3. నాడుల మధ్య ముడులు వేసే ప్రోటీన్ అది. ఒక ఎంజైము కత్తెర దాని ముక్కను తెంపి వదిలితే గడ్డ అందుకుంటుంది. ఆ ప్రోటీన్ లేని ఎలుకల మెదళ్లలో మనిషి గ్లయోమా పెట్టి చూశారు. నెలల తరబడి ఎదగలేదు. 2019కల్లా గ్లయోమా కణాలు నాడులతో నేరుగా ముడులు కూడా వేసుకుంటాయని రుజువైంది.

ఈ సంగతి ఎక్కడో చదివి ఆవిడ మళ్లీ కిటికీ దగ్గరికొచ్చింది. భర్త రిటైరైన లెక్కల మాస్టారు, రోజూ పేపర్లో గళ్ల నుడికట్టు నింపుతాడట. “బుర్రకు పని పెడితే గడ్డ పెరుగుతుందంటున్నారు, పేపరు దాచెయ్యమంటారా?” ఎలుకల్లో చూసింది ప్రయోగం కోసం రెచ్చగొట్టిన నాడుల్ని. మనిషి ఆలోచన మానుకుంటే గడ్డ ఆగుతుందని ఎవరూ చూపలేదు. పైగా నిద్రపోయినా మెదడు ఊరుకోదు. ఆపవలసింది ఆ కత్తెరను, ఆ ప్రయత్నం నడుస్తోంది. పప్పు పెట్టమన్నట్టే పేపరూ ఇమ్మన్నాను. “అయితే నిలువు పదకొండు మీరు చెప్పండి, నిన్నటినుంచి కుదరట్లేదట” అంటూ సంచిలోంచి మడిచిన పేపరు తీసింది.