గుత్తి కోట బొమ్మల పుస్తకం

 

చిన్నప్పుడు మన బడి లైబ్రరీలో చందమామ కోసం, అమర చిత్ర కథ కోసం కొట్లాడుకున్నాం. శివాజీ, రాణా ప్రతాప్ మనకు బొమ్మల్లోనే పరిచయమయ్యారు. మన పక్కనున్న గుత్తి కోట యుద్ధాన్ని మాత్రం ఏ బొమ్మలోనూ చూడలేదు.

1776లో హైదర్ అలీ ముట్టడికి ఎదురు నిలిచిన మురారిరావు, కోటలో నీళ్లు అయిపోయినాకే లొంగిపోయాడు. బిందెతో బోరింగు దగ్గర నిలబడిన మన పిల్లలకు ఆ కష్టం ఒక్క బొమ్మతో అర్థమవుతుంది.

ఆ బొమ్మలు గీసేవాళ్లూ దగ్గరే ఉన్నారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో రామరావణ యుద్ధాన్ని తోలు మీద గీస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

స్వర్ణోత్సవ గుర్తుగా శిలాఫలకం వద్దు. ఈ పుస్తకం వేయిద్దాం. మొదటి ప్రతి మన ఆరో తరగతికి ఇద్దాం.